ఆస్తమా, అలర్జీ మందులు పెద్దవాళ్లలో తెచ్చే ఇబ్బందులు: ఏది ఏ మందు వల్లో తేల్చుకున్న క్రమం (నా అనుభవం)

ఆస్తమాతో పాటు ముక్కు అలర్జీ కూడా ఉన్న పెద్దవాళ్లు మామూలుగా వాడే మందులు నాలుగైదు ఉంటాయి. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఒకటి. అందులో బుడెసొనైడ్‌గానీ ఫ్లూటికాసోన్‌గానీ ఉంటుంది, చాలాసార్లు శ్వాసనాళాల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే ఫార్మోటెరాల్ లేదా సాల్మెటెరాల్ కలిసి ఉంటుంది. ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్. రాత్రిపూట మాంటెలుకాస్ట్ మాత్ర. తుమ్ములకీ దురదకీ సెట్రిజిన్ లేదా లెవోసెట్రిజిన్. ముక్కులోకి ఒక స్ప్రే. నేను వాడినవీ ఇవే. వీటిలో ఏది ఏ ఇబ్బంది తెస్తోందో ఒక్కొక్కటిగా తేల్చుకుని, డాక్టరుతో మాట్లాడి మార్చుకున్న పద్ధతిని ఇక్కడ పెడుతున్నాను. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది: స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ని సొంతంగా ఆపకండి. దాని వల్ల వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మందు మానకుండానే దారి ఉంది. మానేస్తే వచ్చే ఆస్తమా ఎటాక్ ప్రాణం మీదికి తేవచ్చు.

పెద్దవాళ్లలో ఈ దుష్ప్రభావాలు దొరక్కుండా పోవడానికి కారణం, ప్రతిదానికీ వేరే సంజాయిషీ సిద్ధంగా ఉండటం. నిద్ర పట్టకపోతే పని ఒత్తిడి అంటాం. గొంతు బొంగురుపోతే జలుబు చేసిందంటాం. గుండె దడకి కంగారు, పగటి మగతకి వయసు, పిక్కలు పట్టేస్తే నడక ఎక్కువైందన్న మాట. పైగా మందు మొదలుపెట్టిన వారానికే అన్నీ బయటపడవు. నెలల తరబడి బాగానే ఉన్న మందు మీద ఎవరికీ అనుమానం రాదు.

ఇంకో చిక్కు, రెండు మందులు కలిపి ఒకే మాత్రగా రావడం. 10 మి.గ్రా. మాంటెలుకాస్ట్, 5 మి.గ్రా. లెవోసెట్రిజిన్ కలిసిన మాత్ర చాలామంది వాడతారు. అది రాత్రి వేసుకున్నాక నిద్ర చెదిరి, పొద్దున తల దిమ్ముగా ఉందనుకోండి. దిమ్ము లెవోసెట్రిజిన్ పని కావచ్చు, చెదిరిన నిద్ర మాంటెలుకాస్ట్ పని కావచ్చు, రెండూ ఒకదానివే కావచ్చు. కలిపి మింగినంత కాలం తేలదు. అందుకే నేను డాక్టరుని మొదట అడిగింది ఈ రెంటినీ విడివిడి మాత్రలుగా రాయమని. ఆ ఒక్క మార్పు లేకపోతే మిగతా పరిశీలనంతా వృథా.

తర్వాత ఒక నోటు పుస్తకం. రోజుకి ఒక వరుస చాలు. వేసుకున్న మందు, డోసు, వేళ. సాల్బుటమాల్ ఎన్ని పఫ్‌లు, ఎన్ని గంటలకి. నిద్ర ఎలా ఉంది, రాత్రి ఆయాసంతో లేచానా, ఊరికే మెలకువ వచ్చిందా. ఉదయం, సాయంత్రం పీక్ ఫ్లో మీటర్‌లో (ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే చిన్న గొట్టం) మూడుసార్లు ఊది, అందులో పెద్ద అంకె. చివరి గడిలో ఆ రోజు వేసుకున్న వేరే మందులన్నీ: యాంటీబయాటిక్, నొప్పి మాత్ర, కంటి చుక్కలు, ఏదైనా సరే. ఈ చివరి గడిని జనం ఖాళీగా వదిలేస్తారు. జవాబు దొరికేది తరచుగా అక్కడే.

పీక్ ఫ్లో ఎందుకంటే, మందు మార్చినప్పుడు ఆస్తమా సడలుతోందా లేదా అన్నది ఒంటికి తెలిసేలోపే అంకె చెబుతుంది. ఆస్తమా బాగా అదుపులో ఉన్న రోజుల్లో మీకు వచ్చే అత్యధిక అంకెని మీ కొలతగా పెట్టుకోండి. దానిలో 80 శాతం కంటే తగ్గితే జాగ్రత్తపడి డాక్టరుకి చెప్పాలి. 50 శాతం కంటే తగ్గితే సాల్బుటమాల్ తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఒకసారికి ఒకే మార్పు, మార్పుకీ మార్పుకీ మధ్య రెండు వారాలైనా ఎడం. నియమం ఇంతే. కానీ విసుగొచ్చి ఒకేసారి మూడు మార్చాలనిపిస్తుంది. మారిస్తే బాగయినా ఎందుకు బాగయిందో తెలియదు, తేడా చేసినా ఎందుకు చేసిందో తెలియదు.

మాంటెలుకాస్ట్ గురించి కాస్త ఎక్కువే రాయాలి. దీని ఇబ్బందులు ఊపిరితిత్తులకి ఏ సంబంధమూ లేనట్టు కనిపిస్తాయి. కళ్లకి కట్టినట్టుండే కలలు, పీడకలలు, నిద్రలేమి, నిద్రలో నడవడం, చిరాకు, కారణం లేని ఆందోళన, దిగులు, చేతుల వణుకు, కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో ఈ మందు సమాచార పత్రం మీద పెట్టెగీసిన హెచ్చరిక వేయించింది. ఆ సంస్థ వేయించే హెచ్చరికల్లో అదే అతి తీవ్రమైనది. కేవలం ముక్కు అలర్జీ కోసమైతే, వేరే మందులు పనిచేయనివాళ్లకీ పడనివాళ్లకీ మాత్రమే దీన్ని రాయమని కూడా చెప్పింది. ఈ మందు వాడే చాలామందికి ఇవేవీ రావు, ఆస్తమాకి దీనితో మేలు పొందేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఎవరికి వస్తాయో ముందుగా చెప్పే పరీక్ష లేదు. ఇంతకుముందు మానసిక ఇబ్బంది ఉన్నవాళ్లలోనే కాక, ఎప్పుడూ లేనివాళ్లలోనూ వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కలలు మనకి తెలుస్తాయి, చిరాకు మనకి తెలియదు. మనకి కోపం వచ్చినప్పుడల్లా ఎదుటివాళ్లదే తప్పనిపిస్తుంది. కాబట్టి ఇంట్లో ఒకరికి ముందుగానే చెప్పి ఉంచాలి: "ఈ మందు వాడుతున్నాను, నా మాటతీరు మారితే చెప్పు" అని. నా పుస్తకంలో నిద్ర గురించి నేను రాసుకున్నది ఉంది, చిరాకు గురించి ఉన్నదంతా ఇంట్లోవాళ్లు చెప్పింది విని రాసుకున్నదే. రెండు మందుల్నీ విడదీశాక లెవోసెట్రిజిన్ ఒక్కటే వేసుకున్న రాత్రుల్లో పొద్దుటి దిమ్ము అలాగే ఉంది, కలలూ చిరాకూ మాత్రం తగ్గుతూ వచ్చాయి. డాక్టరు మాంటెలుకాస్ట్‌ని అక్కడితో ఆపేసి, ఆ లోటు పూడటానికి ఇన్‌హేలర్ వాడకాన్ని, ముక్కు స్ప్రేని సరిచేశారు.

మాంటెలుకాస్ట్‌ని డోసు తగ్గించుకుంటూ మానాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. మానాక ఆస్తమా సడలకుండా చూసుకోవడమే ముఖ్యం. మనసు బాగోలేదనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ మాత్ర ఇక వేసుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. కొందరిలో మందు ఆపాక కూడా లక్షణాలు కొంతకాలం ఉన్నట్టు, ఆపిన తర్వాతే మొదలైనట్టు కూడా నమోదైంది. కాబట్టి ఆపేశాం కదా అని పుస్తకం మూసేయకూడదు. అరుదుగా కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కడం, ఒంటి మీద ఊదారంగు మచ్చలు, ముదిరే సైనస్ బాధ, పెరిగే ఆయాసం కలిసి వస్తే అది రక్తనాళాల వాపు జబ్బు కావచ్చు. నోటి స్టెరాయిడ్ మాత్రలు తగ్గిస్తున్న సమయంలో ఇది బయటపడటం ఎక్కువ. అదీ ఆలస్యం చేయకూడనిదే.

ఇక స్టెరాయిడ్ ఇన్‌హేలర్. గొంతు బొంగురుపోవడం, నోట్లో తెల్లపూత, పీల్చగానే దగ్గు అన్నవి దీని మామూలు ఇబ్బందులు. స్ప్రే రకం ఇన్‌హేలర్ నేరుగా నోట్లో కొట్టుకుంటే మందులో ఎక్కువ భాగం నాలుక మీద, గొంతు వెనక గోడ మీద పడుతుంది. ఊపిరితిత్తుల దాకా వెళ్లేది కొంతే. గొంతులో మిగిలిన స్టెరాయిడ్ అక్కడి రక్షణని తగ్గిస్తుంది, ఫంగస్ పెరుగుతుంది. తెల్లపూతని మెల్లగా గీకితే ఊడివచ్చి కింద ఎర్రగా కనిపిస్తుంది. బొంగురుకి మాత్రం ప్రతిసారీ ఫంగసే కారణం కాదు. స్వరతంతువుల కండరాల మీద స్టెరాయిడ్ నేరుగా చూపే ప్రభావం వల్ల కూడా వస్తుంది. అందుకే నోరు శుభ్రంగా కనిపిస్తున్నా గొంతు రాకపోవచ్చు. పాఠాలు చెప్పేవాళ్లకీ, పాడేవాళ్లకీ, రోజంతా ఫోన్లో మాట్లాడేవాళ్లకీ ఇది చిన్న విషయం కాదు.

దీనికి మందు కంటే ముందు వాడే తీరు చూసుకోవాలి. స్ప్రే ఇన్‌హేలర్‌కి స్పేసర్ (ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం) తగిలించాలి. డబ్బాని బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, స్పేసర్ మూతిని పెదవులతో గట్టిగా మూసి, ఒకే ఒక్క పఫ్ నొక్కాలి. తర్వాత మూడు నుంచి ఐదు సెకన్ల పాటు నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. రెండో పఫ్‌కి అర నిమిషమైనా ఆగి, మళ్లీ కుదిపి నొక్కాలి. స్పేసర్‌లోకి రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కేస్తే తుంపర్లు ఒకదానికొకటి అంటుకుని గోడలకి పట్టేస్తాయి, అందే మందు తగ్గుతుంది. పీల్చేటప్పుడు స్పేసర్ ఈల వేస్తే మరీ వేగంగా పీలుస్తున్నట్టు. పౌడర్ ఇన్‌హేలర్‌కి సరిగ్గా దీనికి తలకిందులు: అక్కడ మొదటి క్షణం నుంచే బలంగా, వేగంగా, లోతుగా పీల్చాలి. దానికి స్పేసర్ ఉండదు. ఒక రకం నుంచి రెండో రకానికి మారినవాళ్లు పాత అలవాటునే కొనసాగించడం వల్ల మందు గొంతులోనే ఆగిపోతుంటుంది.

పీల్చాక నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి, తల వెనక్కి వాల్చి గొంతులో గరగరలాడించి, ఉమ్మేయాలి. మింగకూడదు. పళ్లు తోముకునే ముందు ఇన్‌హేలర్ వాడటం అలవాటు చేసుకుంటే రోజుకి రెండుసార్లూ ఇది దానంతటదే జరిగిపోతుంది. ఈ ఒక్క మార్పుకే నా గొంతు చాలావరకు తేరుకుంది. స్పేసర్‌ని నెలకోసారి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి ముంచి తీసి, గుడ్డ పెట్టి తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు పుట్టి మందుని గోడలకి లాక్కుంటుంది.

ఇవన్నీ చేసినా బొంగురు తగ్గకపోతే డాక్టరు డోసు తగ్గించవచ్చు, ఇన్‌హేలర్ రకం మార్చవచ్చు, లేదా సిక్లెసొనైడ్ లాంటి మందుకి మార్చవచ్చు. అది ఊపిరితిత్తుల్లోకి చేరాకే పూర్తిగా పనిచేసే రూపంలోకి మారుతుంది కాబట్టి గొంతుకి ఇబ్బంది తక్కువ. మూడు వారాలు దాటినా గొంతు రాకపోతే ఇన్‌హేలర్ మీదకి నెట్టేయకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించుకోవాలి. పొగ తాగే అలవాటు ఉన్నవాళ్లయితే తప్పనిసరిగా.

ఎక్కువ డోసులో ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఇంకొన్ని చూసుకోవాలి: చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, కంటి శుక్లాలు, కంటిలో ఒత్తిడి పెరగడం, ఎముకలు గుల్లబారడం. ఇక ముఖ్యమైనది, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు సొంత హార్మోన్ తయారీని తగ్గించుకోవడం. విపరీతమైన నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వికారం, బరువు తగ్గడం దీని గుర్తులు. జ్వరం, ఆపరేషన్ లాంటి సమయాల్లో ఇది ఒక్కసారిగా ముదురుతుంది. ఇన్‌హేలర్‌ని హఠాత్తుగా ఆపకూడదనడానికి ఇది రెండో కారణం.

పుస్తకంలో చివరి గడి అక్కరకొచ్చేది ఇక్కడే. ఫ్లూటికాసోన్‌నీ బుడెసొనైడ్‌నీ విరిచేసే లివర్ ఎంజైమ్‌ని కొన్ని మందులు అడ్డుకుంటాయి. గోళ్ల ఫంగస్‌కి ఇచ్చే ఇట్రాకొనజోల్, ఆ కోవలోదే కీటోకొనజోల్, వైరస్ చికిత్సలో వాడే రిటోనవిర్ ముఖ్యమైనవి. అప్పుడు పీల్చిన కొద్దిపాటి స్టెరాయిడే ఒంట్లో పేరుకుని, మాత్రలు మింగినంత పని చేస్తుంది. ముఖం ఉబ్బడం, పొట్ట దగ్గర బరువు పెరగడం, తొడలు బలహీనపడటం కనిపిస్తాయి. గోళ్లకి మందు రాసే డాక్టరుకి మీ ఇన్‌హేలర్ సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది.

సాల్బుటమాల్ తీసుకున్న కొద్ది నిమిషాల్లోనే చేతులు వణకడం, గుండె దడ రావడం అందరికీ తెలిసిందే. ఒకటి రెండు గంటల్లో తగ్గుతాయి. అంతగా తెలియనివి రెండు. ఎక్కువ పఫ్‌లు తీసుకుంటే రక్తంలో పొటాషియం తగ్గి పిక్కలు పట్టేస్తాయి. బీపీకి నీళ్లు పోయే మాత్ర వేసుకునేవాళ్లలో, నోటి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లలో ఇది ఎక్కువ. రెండోది, ఎటాక్‌లో పదేపదే నెబ్యులైజర్ పెట్టాక పిల్లికూతలు తగ్గినా ఊపిరి మాత్రం వేగంగానే ఆడటం. రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగడం వల్ల అలా జరగవచ్చు. అది చూసి ఆస్తమా తగ్గలేదనుకుని ఇంకో డోసు వేస్తే మరింత పెరుగుతుంది. ఇది ఆసుపత్రిలోనే తేల్చాల్సిన విషయం, ఇంట్లో కాదు.

వణుకు ఇబ్బంది పెడుతుంటే వణుకు గురించి కాక పఫ్‌ల లెక్క గురించి ఆలోచించాలన్నది నా గట్టి అభిప్రాయం. వారంలో రెండు రోజులకి మించి సాల్బుటమాల్ అవసరమవుతోందంటే ఆస్తమా అదుపులో లేదు. 200 పఫ్‌ల డబ్బాలు ఏడాదికి మూడు గానీ అంతకు మించి గానీ ఖర్చయ్యేవాళ్లకి ఎటాక్‌ల ముప్పు ఎక్కువ. ప్రపంచ స్థాయిలో ఆస్తమా చికిత్సకి మార్గదర్శకాలు ఇచ్చే గినా సంస్థ, స్టెరాయిడ్ లేకుండా సాల్బుటమాల్ ఒక్కటే వాడటాన్ని 2019 నుంచి వద్దంటోంది.

అలర్జీ మాత్రల్లో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ మగత కొందరికి మర్నాడు మధ్యాహ్నం దాకా వదలదు. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి డోసు తగ్గించాలి. ఫెక్సోఫెనడిన్‌కి మారితే మగత చాలా తక్కువ, నాకు పొద్దుటి దిమ్ము పోయింది దానితోనే. అయితే దాన్ని నీళ్లతోనే మింగాలి. నారింజ, ఆపిల్, గ్రేప్‌ఫ్రూట్ రసాలతో మింగితే ఒంటికి పట్టే మందు బాగా తగ్గిపోతుంది. మందు పనిచేయడం లేదనే ఫిర్యాదు చాలాసార్లు అక్కడి నుంచే పుడుతుంది.

నెలల తరబడి రోజూ సెట్రిజిన్ వేసుకుని హఠాత్తుగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో ఒళ్లంతా భరించలేని దురద రావచ్చు. దద్దుర్లు లేకుండా వట్టి దురద. ముందు లేనివాళ్లకి కూడా వస్తుంది. ఎఫ్‌డీఏ 2025 మేలో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ రెంటి విషయంలోనూ దీని మీద హెచ్చరించింది. ఇది అరుదు, కానీ వచ్చినప్పుడు అలర్జీ తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర మొదలుపెడతారు, దురద తగ్గుతుంది, మాత్ర లేకుండా బతకలేమన్న నమ్మకం బలపడుతుంది. చర్మం మీద అలర్జీ పరీక్ష కోసం కొద్ది రోజుల ముందు ఈ మాత్రలు ఆపమంటారు కదా, అప్పుడూ ఇలాగే బయటపడవచ్చు. అలాంటప్పుడు మళ్లీ మొదలుపెట్టి, డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించుకుంటూ రావడం కొందరికి పనిచేసింది. మగత ఉండదనుకుని పాత రకం అలర్జీ మాత్ర క్లోర్‌ఫెనిరమిన్ వైపు వెళ్తారు కొందరు. దానికి మగత ఇంకా ఎక్కువ. పైగా ప్రోస్టేట్ వాపు ఉన్న మగవాళ్లకి మూత్రం బిగుసుకుంటుంది, వృద్ధుల్లో తికమక వస్తుంది.

ముక్కు స్టెరాయిడ్ స్ప్రేతో రక్తం కారుతుంటే కొట్టే దిశ చూసుకోండి. కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి కొట్టుకోవాలి. అప్పుడు మొన నడిమి గోడ వైపు కాక బయటికి, చెవి వైపు తిరుగుతుంది. తల కొద్దిగా వంచాలి, గట్టిగా ఎగపీల్చకూడదు. ముక్కు దిబ్బడకి వెంటనే పనిచేసే చుక్కల పేరు 'జోలిన్' అని ముగుస్తుంటే (ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్) మూడు నుంచి ఐదు రోజులకి మించి వాడకూడదు. మించితే ఆ చుక్కల వల్లే దిబ్బడ వస్తుంది. ఇప్పటికే అలవాటు పడి ఉంటే, స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టుకుని, ముందు ఒక ముక్కులో మానేసి, అది తెరుచుకున్నాక రెండోదానిలో మానడం తేలిక.

ఎటాక్‌కి ఇచ్చే నోటి స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ మాత్రలు పెద్దవాళ్లకి మామూలుగా రోజుకి 40 నుంచి 50 మి.గ్రా., ఐదు నుంచి ఏడు రోజులు. పొద్దున్నే తిన్నాక ఒకేసారి వేసుకుంటే నిద్ర కొంత దక్కుతుంది. ఆకలి, అతి హుషారు, చిరాకు సహజం. షుగర్ ఉన్నవాళ్లు పరగడుపున మాత్రమే చూసుకుంటే పెరుగుదల కనపడదు, అది మధ్యాహ్నం నుంచి రాత్రి లోపు పెరుగుతుంది. చూపు మధ్యలో మసక మచ్చలా అనిపిస్తే కంటి డాక్టరుకి చూపించాలి. ఈ కోర్సుల్ని జీవితమంతటికీ కలిపి లెక్కపెట్టుకోవాలి. నాలుగైదు కోర్సులు దాటేసరికే ఎముకలకీ, కళ్లకీ, షుగర్‌కీ ముప్పు పెరుగుతుంది. రోజూ పీల్చే స్టెరాయిడ్‌కి భయపడి మానేసి, ఏడాదికి రెండుసార్లు ఈ మాత్రలు మింగేవాళ్లకి మొత్తంగా ఒంట్లోకి పోయే స్టెరాయిడ్ చాలా ఎక్కువ.

శ్వాసనాళాల్ని వదులు చేసే పాత మందు థియోఫిలిన్ వాడేవాళ్లకి ఒక్క మాట: పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం తక్కువ. సిప్రోఫ్లాక్ససిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు రక్తంలో దాని స్థాయిని పెంచుతాయి. పొగ మానేసినా పెరుగుతుంది. వాంతులు, దడ మొదలైతే రక్త పరీక్ష చేయించాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "ఈ మందు పడటం లేదు" అంటే పని జరగదు. ఏ మందు, ఏ డోసు, ఎప్పుడు మొదలైంది, లక్షణం ఎప్పుడు మొదలైంది, ఆపినా తగ్గించినా ఏమైంది, ఆ రోజుల్లో పీక్ ఫ్లో ఎంత అన్న ఆరు ముక్కలు రాసుకుని పట్టుకెళ్లండి. దుష్ప్రభావాలు నమోదు చేసే ప్రభుత్వ విభాగానికి కూడా ఈ వివరాలే కావాలి, చాలా దేశాల్లో రోగి నేరుగా పంపవచ్చు.

పడని మందు తేలాక దాని అసలు పేరు, అది తెచ్చిన ఇబ్బంది ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోవాలి. కంపెనీ పేరు రాసుకుంటే సరిపోదు. అదే మాంటెలుకాస్ట్ పదుల పేర్లతో, ఇతర అలర్జీ మాత్రలతో కలిసి అమ్ముడవుతుంది. కొత్త పేరుతో మాత్రలు చేతికొచ్చిన ప్రతిసారీ షీటు వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లూ మిల్లీగ్రాములూ చదివాకే మొదటి మాత్ర విప్పాలి.